పండుగల దినములు ఏల మారుచుండును?

ప్రతి విద్యాసంవత్సరారంభమునందును పాఠశాల గోడమీద సెలవుల పట్టిక యొకటి అంటింపబడును. విద్యార్థులు తమంతట తామే శ్రద్ధతో చదువు మొదటి పాఠము అదియే యన్నచో అతిశయోక్తి కానేరదు. అట్టి పట్టికలను రెండు మూడేండ్లు వరుసగా చూచినవారికి ఒక సందేహము తప్పక కలుగును. క్రిస్మసు ఏటేట డిశంబరు 25వ తేదీననే వచ్చును. సంక్రాంతి జనవరి 14వ తేదీననో 15వ తేదీననో వచ్చును. ఉగాదియు ఈస్టరును మాత్రము ఒకయేడు మార్చిలోను, మరియొకయేడు ఏప్రిలులోను వచ్చుచుండును. రంజాను పండుగ యన్ననో, ఏటికేడు వెనుకకు జరుగుచు అన్ని ఋతువులను చుట్టివచ్చును. ఇది చూచి "మీ పండుగకు నిలుకడ లేదు" అని తోడి బాలుని పరిహసించు బాలురును లేకపోలేదు. లెక్క తెలిసినచో ఆ పరిహాసమునకు తావుండదు. కావున ఆ లెక్కను సాధ్యమైనంత సులభముగా వివరించుటకు ప్రయత్నించెదను.

కాలమును కొలుచుకొనుటకు మనుష్యునికి ఆకాశమున రెండు జ్యోతులు కలవు. మొదటిది సూర్యుడు. పగలును రాత్రియు సమానముగా నుండు వసంతకాలపు దినము మొదలుకొని మరల అట్టి దినము వచ్చువరకు పట్టుకాలము 365 దినముల 5 గంటల 48 నిమిషములకు కొంచె మెక్కువ. ఇదియే ఋతువులను నడపు సంవత్సరము. రెండవది చంద్రుడు. అమావాస్య మొదలు అమావాస్యవరకు సగటున 29 దినముల 12 గంటల 44 నిమిషములు పట్టును. ఇట్టి నెలలు పండ్రెండు కలిపినను 354 దినములే యగును. సూర్యుని సంవత్సరముకంటె ఇది సుమారు 11 దినములు తక్కువ. మన సందేహమున కంతటికిని ఈ పదునొకండు దినములే మూలము. వీనిని ఏమి చేయవలెనను ప్రశ్నకు వేర్వేరు జనులు వేర్వేరు ప్రత్యుత్తరము లిచ్చిరి.

కొందరు చంద్రుని విడిచి సూర్యునే పట్టుకొనిరి. మన సెలవుల పట్టికలోని జనవరి, ఫిబ్రవరి మొదలగు నెలలు ఈ తెగకు చెందినవి. క్రీ. పూ. 45లో జూలియస్ సీజరు సంవత్సరమునకు 365¼ దినములని యేర్పరచెను. అది నిజమునకంటె ఏటికి సుమారు 11 నిమిషము లెక్కువ. పదునొకండు నిమిషము లేపాటి యని తలపవలదు. శతాబ్దములు గడచుసరికి అవి దినములైనవి. అందుచేత 1582లో పదమూడవ గ్రెగరీ పోపు అక్టోబరు 4వ తేదీకి మరునాడు 15వ తేదీయని శాసించి లెక్కను సరిచేసెను. ఇంగ్లండును దాని యధీనమందలి దేశములును 1752లో ఈ దిద్దుబాటును అంగీకరించెను. ఆ యేట వారికి సెప్టెంబరు 2వ తేదీకి మరునాడు 14వ తేదీ వచ్చెను. నేటికిని పాతలెక్కనే యనుసరించు రష్యా దేశపు సంఘమునకు క్రిస్మసు మన జనవరి 7వ తేదీన వచ్చుట ఇందువలననే.

సంక్రాంతియు సూర్యుని పండుగయే. సూర్యుడు మకరరాశిని ప్రవేశించు దినమది. అయితే మన పంచాంగములు సూర్యుని గమనమును నక్షత్రములనుబట్టి కొలుచును. ఆ సంవత్సరము ఋతువుల సంవత్సరముకంటె సుమారు 20 నిమిషములు ఎక్కువ. కావున సంక్రాంతియు 70 ఏండ్లకు సుమారొక దినము చొప్పున ముందునకు జరుగుచున్నది. పగలు పెరుగ నారంభించుట డిశంబరు 22వ తేదీ ప్రాంతముననే యైనను, సంక్రాంతి జనవరి నడుమ వచ్చుటకు కారణమిదియే. సుమారు 1,700 ఏండ్లకు పూర్వము ఆ రెండును ఏకమై యుండెను. స్థిరమని మనమెంచు పండుగలు సయితము మెల్లమెల్లగా కదలునవే యని దీనివలన గ్రహింపవలెను.

మహమ్మదీయులు చంద్రునే ప్రమాణముగా గైకొనిరి. వారి సంవత్సరమునకు చంద్రమాసములు పండ్రెండే. ఆ లోటు దినములను పూరించు నియమము లేదు. కనుక రంజాను మాసము ఏటేట 10, 11 లేక 12 దినములు ముందుగా వచ్చుచు, సుమారు 33 ఏండ్లకు ఋతువులన్నింటిని చుట్టివచ్చును. 2030వ సంవత్సరమున జనవరిలో నొకసారియు డిశంబరులో నొకసారియు ఆ మాసము ఆరంభము కాగలదు. ఇందొక న్యాయము కలదు. ఉపవాసము ఎల్లప్పుడును వేసవియందే వచ్చినచో ఉష్ణదేశములవారికి భారమగును. ఎల్లప్పుడును శీతకాలమందే వచ్చినచో వారికి సులభమగును. తిరుగు మాసము ఎల్లరకును రెండింటిని సమముగా పంచును.

మన తెలుగు పెద్దలు రెండు జ్యోతులను వదలలేదు. నెలలను చంద్రునిబట్టియు సంవత్సరమును సూర్యునిబట్టియు నడపిరి. ఏటేట మిగులు దినములు పోగై యొక నెల కాగానే అధికమాసమును చేర్చుదురు. ఏ చంద్రమాసమునందు సూర్యుడు క్రొత్తరాశిని ప్రవేశింపడో అది అధికమాసము. ఇది సుమారు రెండున్నర యేండ్లకు కొంచెము పైగా నొకసారి వచ్చును. పంతొమ్మిది యేండ్లలో సుమారు ఏడు వచ్చును. యూదులును పంతొమ్మిది యేండ్లకు ఏడు నెలలు చేర్చుదురు. ఒకరి పద్ధతి యొకరికి దూరమనుకొను జనుల గణితము ఇంత సమీపముగా నుండుట గమనింపదగినది.

ఉదాహరణము చూపెదను. 2023లో ఉగాది మార్చి 22వ తేదీన వచ్చెను; రంజాను పండుగ ఏప్రిలు 22వ తేదీన వచ్చెను. రెండింటికిని నడుమ ఒక నెల యెడము. ఆ యేట అధిక శ్రావణము వచ్చినందున మరుసటి ఉగాది 13 నెలలకు, అనగా 2024 ఏప్రిలు 9వ తేదీన వచ్చెను. రంజాను పండుగ పండ్రెండు నెలలకే, ఏప్రిలు 11వ తేదీన వచ్చెను. నెల యెడము రెండు దినములాయెను. 2025లో ఉగాది మార్చి 30, రంజాను పండుగ మార్చి 31. ఒకే అమావాస్య గడచిన పిమ్మట ఒక యింట పచ్చడియు, ప్రక్క యింట సేమ్యా పాయసమును సిద్ధమైనవి.

ఇక ఈస్టరు. ప్రభువు జన్మదినపు తేదీని సువార్తలు తెలుపలేదు. నాలుగవ శతాబ్దమున రోమా సంఘము డిశంబరు 25ను ఆచరించుచుండెను గనుక అది సూర్యుని లెక్కలో నిలిచిపోయెను. శ్రమలును పునరుత్థానమును అట్లు కాదు. అవి యూదుల పస్కా పండుగ కాలమున జరిగినవని సువార్తలు తెలుపుచున్నవి. పస్కా మొదటి నెల 14వ దినపు సాయంకాలమున, అనగా నిండుచంద్రుని వెలుగున వచ్చును. క్రీ. శ. 325లో నీకయ పట్టణమున కూడిన సభ సంఘములన్నియు ఒకే ఆదివారమున ఈస్టరు నాచరింపవలెనని నిర్ణయించెను. స్థిరపడిన నియమ మిది: మార్చి 21వ తేదీనగాని తరువాతగాని వచ్చు మొదటి పున్నమికి పిమ్మటి ఆదివారమే ఈస్టరు. మార్చి 21 సూర్యునిది, పున్నమి చంద్రునిది, ఆదివారము వారమునది. ఈ మూడు లెక్కలును కలిసినప్పుడే ఈస్టరు. కావున అది మార్చి 22కు ముందుగాని, ఏప్రిలు 25కు తరువాతగాని రాదు. 2024లో మార్చి 31నను, 2025లో ఏప్రిలు 20నను వచ్చెను. భస్మ బుధవారము, మట్టల ఆదివారము, ఆరోహణ దినము, పెంతెకొస్తు ఇవియన్నియు ఈస్టరును వెంబడించి కదలును.

దీనిని పుస్తకమున చదివి విడువక కన్నులార చూడుడు. మట్టల ఆదివారము మొదలు ఈస్టరుకు ముందటి శనివారమువరకు గల వారమున ఆ పున్నమి యుండును. సంఘము పూర్వపు పట్టికలనుబట్టి గణించును గనుక ఆకాశపు పున్నమితో ఎప్పుడైన కొద్ది భేదము కలుగవచ్చును. మన పంచాంగమున అది సాధారణముగా ఫాల్గుణ పున్నమియో చైత్ర పున్నమియో యగును. దీపావళినాడు చంద్రుడు కానరాడు. అందుచేతనే దీపములు అంత శోభించును. రంజాను పండుగ ముందటి సాయంకాలమున పడమట సన్నని నెలవంకను వెదకుడు. పల్లెయందలి మీ తాతలు తేదీల పట్టిక లేకయే ఇవన్నియు చెప్పగలిగిరి. వీధిదీపముల వెలుగున ఆ విద్య మనకు మరుగుపడుచున్నది.

ఈ లెక్క వలని లాభము పరీక్షలో మార్కులు మాత్రమే కాదు. 2023, 2024 సంవత్సరములలో రంజాను మాసము పరీక్షల కాలముననే వచ్చెను. తెల్లవారకముందే భుజించి, సూర్యాస్తమయమువరకు నీరైన ముట్టక, ఎండలో నడచివచ్చి పరీక్ష వ్రాసిన బాలుడు మన ప్రక్క బల్లమీదనే కూర్చుండెను. మంచి శుక్రవారపు ఆరాధనకు ఊరికి పోవు బాలికయు, సంక్రాంతికి తండ్రి ధాన్యము ఇల్లుచేర్చు పనిలో తోడ్పడి ఒకదినము ఆలస్యముగా వచ్చు బాలుడును మనవారే. వారి దినము ఎట్లు వచ్చినదో యెరిగిన తోడివాడు పరిహసింపడు. ఉపాధ్యాయుడు తొందరపడి దండింపడు. తలిదండ్రులును ఇంట పిల్లలు "ఇది ఏల?" యని యడిగినప్పుడు "అది వారి ఆచారము" అని త్రోసిపుచ్చక, చేయిపట్టి వాకిటికి తీసికొనిపోయి చంద్రుని చూపుదురుగాక. అందరి పండుగలకును పైనున్న ఆకాశ మొక్కటియే.