బ్రాకెట్ల లెక్క

కంప్యూటరు భాషల్లో ఎ.పి.ఎల్.ది ఒక ప్రత్యేక స్థానం. దీనికి మూలమైన పుస్తకాన్ని కెన్నెత్ ఐవర్సన్ 1962లో ప్రచురించారు. 1979లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు లభించింది. లక్ష సంఖ్యలనైనా ఒక్క చిన్న ఆదేశంతో కూడగలగడమే ఈ భాష బలం.

అయితే జిల్లాలో హాస్టళ్ళు, హాస్టల్లో గదులు, గదిలో విద్యార్థులు – ఇలా ఒకదానిలో ఒకటి ఇమిడిన సమాచారాన్ని బ్రాకెట్లతో రాసి ఇచ్చి, ఒక్కో అక్షరాన్నీ విడిగా చదవమంటే పని చాలా నెమ్మదిస్తుంది. ఎందుకని? ప్రతి ఆదేశానికీ ముందు రకం, పొడవు సరిచూసి, చోటు కేటాయించాలి. ఈ ఏర్పాటు లక్ష అక్షరాలకూ కలిపి ఒక్కసారి జరిగితే భారం తెలియదు. అక్షరానికొకసారి జరిగితే తడిసి మోపెడవుతుంది. మెస్‌లో అందరికీ ఒకే గుండిగలో వండకుండా, ఒక్కొక్కరికీ వేరే పొయ్యి వెలిగించినట్లన్నమాట!

దీనికి ఉపాయం ఉంది. తెరిచే బ్రాకెట్‌కు 1, మూసేదానికి మైనస్ 1, మిగతా అక్షరాలకు 0 వేసి, వరుసగా కూడుతూ పోవాలి. [[][[]]] అనే వరుసకు 1, 2, 1, 2, 3, 2, 1, 0 వస్తాయి. ఏది ఎంత లోతులో ఉందో ఒకేసారి తేలిపోతుంది. చివర 0 రాకపోతే ఎక్కడో బ్రాకెట్ తప్పినట్లే. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న బ్రాకెట్లను మాత్రం లెక్కలోకి తీసుకోరాదు.

మిత్రులారా! ఒక్క కంప్యూటరు దగ్గర పదిమందిమి వంతు కోసం ఎదురుచూసే మనకు ప్రతి నిమిషమూ విలువైనదే. పని ఆలస్యమైతే భాషను నిందించే ముందు, మనం పని చెప్పిన తీరును పరిశీలిద్దాం.