సీసా నుండి నేలకు: ఘాటు పుదీనా కథ

పుదీనా కాడను పెరటిలో గ్రుచ్చినచో కొద్ది దినములలోనే వేరు పట్టునని గృహిణులందరు ఎరుగుదురు. అట్టి మొక్కను గాజు సీసాలో పెంచవలసిన పని యేమని శ్రోతలు ప్రశ్నింపవచ్చును. పెప్పర్‌మింటు అనబడు ఘాటు పుదీనా రెండు జాతుల సంకరము. దానికి మొలకెత్తు విత్తనములు పట్టవు. కాడలనే నాటుచు పోయినచో తల్లి మొక్కలోని వైరస్ తెగులు పిల్ల మొక్కలకును సంక్రమించును. కొనమొగ్గ యందలి సూక్ష్మభాగమున ఆ వైరస్ తరచుగా ఉండదు. కావున దానిని కోసి, 1962లో మురాషిగే, స్కూగ్ అను శాస్త్రజ్ఞులు పొగాకు కణజాలమునకై రూపొందించిన పోషక మాధ్యమముపై పెంచుదురు.

వేరు పుట్టించుట ఇందు సులభమైన పని. లవణములను సగమునకు తగ్గించి, ఆక్సిన్ అను హార్మోనును రవ్వంత చేర్చుదురు. పుదీనాలకు తరచుగా అదియు అక్కరలేదు. తెల్లని వేళ్లు కనబడగానే పని ముగిసినదని సంతోషించువారు కలరు. అసలు గండము అప్పుడే ఆరంభమగునని మేము చెప్పుదుము.

సీసాలోని గాలి నీటియావిరితో నిండియుండును. ఆహారముగా లీటరు మాధ్యమమునకు 30 గ్రాముల చక్కెర సిద్ధముగా నుండును. ఇట్టి సుఖమున పెరిగిన ఆకుపై మైనపుపొర మిక్కిలి పలుచన. ఆకునందలి సన్నని రంధ్రములకు మూసికొనుట చేతకాదు. వేళ్లపై నూగు తక్కువ. ఇట్టి మొక్కను తిన్నగా ఎండలో నుంచినచో, కుండీలో నీరున్నను గంటలలో వాడిపోవును. ఆకు పోగొట్టుకొను నీటిని వేరు అందింపజాలదు. గారాబముగా పెరిగిన బిడ్డను ఒక్కనాడే కోతపనికి పంపినట్లుండును.

కావున మొదట వేళ్ల కంటిన అగరు జిగురును నీట మెల్లగా కడుగవలెను. అందలి చక్కెర మిగిలినచో బూజు పట్టును. పిమ్మట శుభ్రపరచిన కొబ్బరిపొట్టు, ఇసుకల మిశ్రమమున నాటి, తెల్లని ప్లాస్టిక్ సంచి కప్పి నీడలో నుంచవలెను. మొదటి కొన్ని దినములు సంచి తీయరాదు. తరువాత చిన్న రంధ్రములు చేయుచు, వాటిని దినదినము పెంచుచు, రెండు మూడు వారములకు పూర్తిగా తొలగింపవచ్చును. తొందరపడినచో మొక్క వాడును; మిక్కిలి ఆలసించినచో కుళ్లును. రోహిణి కార్తె వడగాలులలో ఈ పని తలపెట్టకుండుట మేలు.

సీసాలో పుట్టిన ఆకులు కొన్ని రాలినను దిగులు పడనక్కరలేదు. బయటిగాలిలో వచ్చు క్రొత్త ఆకులపై దృష్టి నిలుపవలెను. వాటికి పొర మందము, రంధ్రములు అవసరమైనపుడు మూతపడును. అట్టివి రెండు మూడు జతలు వేసిన పిదప కొన్నాళ్లు ఉదయపుటెండ చూపి, మొక్కను మడిలో నాటవచ్చును.