అడుగు తీరును బట్టియే ఔదార్యము

ఇంటిపై కూలిన కొబ్బరిచెట్టును తొలగించుటకు "ఒక చేయి వేయుమన్నా" యని పిలిచిన, పొరుగువాడు పరుగెత్తి వచ్చును. "కూలి యెంత?" అని యడిగిన, నతడే బేరమునకు దిగును. 2018 అక్టోబరున తిత్లీ తుపాను తోటలను నేలగూల్చుట కన్నులార చూచిన ఉద్దానమువారి కీ సంగతి విప్పి చెప్పనక్కరలేదు.

పండితులు దీనినే లెక్కలతో నిరూపించిరి. లిబర్మన్, సామ్యూల్స్, రాస్ అనువారు 2004లో ప్రకటించిన పరిశోధనమున అమెరికా విద్యార్థులచే ఒకే ద్రవ్యక్రీడ నాడించిరి. నియమము లొక్కటియే; పేరు మాత్రము వేరు. "సంఘక్రీడ" యన్నపుడు సుమారు మూడింట రెండువంతులవారు సహకరించిరి. న్యూయార్కు షేర్ల బజారగు "వాల్ స్ట్రీట్" పేరు పెట్టినపుడు మూడింట నొకవంతు మాత్రమే!

2003లో జాన్సన్, గోల్డ్‌స్టీన్ అనువారు అవయవదానమును గూర్చి యొక యూహాప్రశ్న వేసిరి. "మీరు దాతలు కారు, కాదలచిన చెప్పుడు" అన్నపుడు నూటికి 42 మంది, "మీరు దాతలే, వలదన్న చెప్పుడు" అన్నపుడు 82 మంది దాతలుగా నిలిచిరి. ఏ పక్షమును ముందుంచక సూటిగా నడిగినపుడు 79 మంది సమ్మతించిరి. ఈ కడపటి సంఖ్యయే గమనింపదగినది. మాటల మాయ యక్కరలేదు. సూటిగా నడిగిన చాలును.

ఇది మనకు ప్రాణప్రశ్న. ఉద్దానమున మూత్రపిండ వ్యాధి యెన్ని కుటుంబములనో కృంగదీసినది. దాని మూలకారణ మింకను నిర్ధారితము కాలేదు. పలాసలో 2023 డిసెంబరున 200 పడకల ఆసుపత్రియు, పరిశోధనాకేంద్రమును ప్రారంభమైనవి. డయాలిసిస్ యంత్రము రక్తమును శుభ్రపరచును గాని, చెడిన మూత్రపిండమును బాగుచేయజాలదు. 1994 నాటి చట్టము ననుసరించి, మెదడు మరణించినవాని అవయవములను గ్రహించుటకు అతని పూర్వసమ్మతియో, ఆప్తుల సమ్మతియో కావలెను.

చట్టమును తలక్రిందులు చేయుమని మేమనము. సమ్మతిపత్ర మొక్కటే చాలుననియు ననము. నిపుణులు, శస్త్రచికిత్సాలయములు, ధనము నవసరమే. కాని పలాసలోను టెక్కలిలోను ప్రతి వయోజనుని ముందు "మీ యనంతరము మీ అవయవముల నిత్తురా? అవును, కాదు, ఏదో యొకటి వ్రాయుడు" అను ప్రశ్న నిలువవలెను. కాదన్నవానిని నిందింపరాదు. చదువుకొన్న పట్టణవాసులును, తోటలు గల పెద్దలును తమ యుత్తరమును తామే ముందు వ్రాయవలెను.

ఇచ్చు చేతులకు కొరతయున్నదని వగచుటకు ముందు, మన మెన్నడైన నోరు తెరచి యడిగితిమా?