వలసపోయిన విద్యార్థికి పాఠం

అనంతపురం పీఠభూమిలో సాలీనా కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. 2022లో అనంతపురం, శ్రీ సత్యసాయి అను రెండు జిల్లాలుగా విడిపోయిన ఈ ప్రాంతంలో వేరుశనగ ఎండిపోయిన ఏడు కూలి కుటుంబాలు బెంగుళూరుకో కేరళకో బయలుదేరుతాయి. వెంట పిల్లలూ పోతారు. రెండు మూడు నెలలకు తిరిగివచ్చిన బాలునికి తరగతిలో జరిగే పాఠం అంతుపట్టదు. కొందరి చదువు అక్కడితోనే ఆగిపోతుంది.

2017లో ప్రారంభమైన దీక్షా ద్వారా ప్రభుత్వ పాఠ్యాంశాలు ఫోనులో లభిస్తున్నాయి. కాని ఈ వారం తమ ఉపాధ్యాయుడు ఎంతవరకు చెప్పాడో, ఏ అభ్యాసం ఇచ్చాడో అందులో ఉండదు. మదర్సాలో జరిగే దీనీ పాఠం అసలే ఉండదు. ఆ లోటును తీర్చుకొనుటకు ఉచిత బ్లాగు చాలును. 1999లో మొదలై 2003 నుండి గూగుల్ చేతిలో ఉన్న బ్లాగర్, 2005లో వచ్చిన వర్డ్‌ప్రెస్.కామ్ ఇందుకు పేరుపొందినవి. రుసుము లేదు, ఫోను ఉంటే చాలు.

ఒక దినపు పాఠానికి ఒక టపా వ్రాయవలెను. అందులో తేదీ, పాఠ్యపుస్తకపు పుట, సారాంశం, అభ్యాసం ఉండాలి. తరగతి పేరును, విషయాన్ని లేబుళ్ళుగా తగిలిస్తే ఏ తరగతివి ఆ తరగతి వేరుపడతాయి. అయితే బ్లాగులో సరిక్రొత్త టపా పైన ఉంటుంది. చదువు మాత్రం మొదటినుండి సాగాలి. కనుక వరుసక్రమంలో లింకులిచ్చే విషయసూచిక పేజీ ఒకటి విడిగా ఉండాలి. ఇది లేకపోతే బ్లాగు చిత్తుకాగితాల గంపే! నల్లబల్లకు ఫోటో తీసి పెట్టడం సులభమే గాని, దానికి డేటా ఎక్కువ ఖర్చవుతుంది, అందులోని మాటలను వెదకడమూ కష్టం.

మదర్సాలు మరొక సంగతి గమనించాలి. వర్డ్‌ప్రెస్.కామ్ ఉచిత పుటల్లో ప్రకటనలు వస్తాయి. వాటిని ఎంచుకొనే అధికారం ఉపాధ్యాయునికి ఉండదు. ఖుర్‌ఆన్ పాఠం ప్రక్కన వడ్డీ అప్పుల ప్రకటన కనిపిస్తే ఎట్లుండును? బ్లాగర్‌లో యజమాని కోరితేనే ప్రకటనలు వస్తాయి. ఈ ఒక్క భేదం చాలు, ఏది ఎంచుకోవాలో తేల్చుకొనుటకు.

కుడినుండి ఎడమకు సాగే అరబీని తెలుగు వాక్యం మధ్యలో ఇరికిస్తే పదాల క్రమం తారుమారు కావచ్చు. ఆయతును ప్రత్యేక పేరాగా ఉంచాలి. చేతితో టైపు చేస్తే జేర్, జబర్ తప్పిపోయే ప్రమాదం ఉన్నది. 2007లో మొదలైన తన్జీల్ వారు సరిచూసి ఉంచిన పాఠాన్ని తీసుకొనుట క్షేమం. తజ్వీద్ మాత్రం ఉస్తాద్ ఎదుట కూర్చుని నేర్వవలసిందే. ఇక పిల్లల పేర్లు, మార్కులు, ఫోటోలు ఎట్టి పరిస్థితిలోనూ పెట్టరాదు.

ఇమామ్ గజాలీ (1058–1111) జుర్జాన్‌లో చదువుకొని తూస్‌కు మరలివస్తుండగా దోపిడీదొంగలు ఆయన వ్రాతల సంచిని లాగుకొన్నారని సుబ్కీ వ్రాశారు. తిరిగి ఇమ్మని ప్రాధేయపడగా, కాగితాలు పోతే పోయే విద్య ఏమి విద్య అని దొంగల నాయకుడు నవ్వాడట. వ్రాతలు చేతికి వచ్చిన పిదప ఆయన మూడేళ్ళపాటు వాటిని కంఠస్థం చేసుకొన్నారు.

ఉచిత సేవకూ అటువంటి గండం ఉన్నది. లక్షలాది సొంత పుటలుండిన జియోసిటీస్‌ను 2009లో మూసివేశారు. బ్లాగర్‌లోనూ వర్డ్‌ప్రెస్‌లోనూ మొత్తం టపాలను ఒకే ఫైలుగా దించుకొనే వీలున్నది. నెలకొకసారి దించి, ఒక ప్రతిని పెన్‌డ్రైవ్‌లో పాఠశాల బీరువాలోను, మరొకటి ఉపాధ్యాయుని ఇంటిలోను ఉంచవలెను. వలసనుండి వచ్చిన బాలుడు చదివిన పాఠాన్ని పుట చూడకుండా ఉస్తాద్‌కు అప్పగించిన తరువాతనే తరువాతి పాఠం చెప్పాలి.