ఇంటిలోని వైఫైని వెనుక గదికి, పశువుల పాకకు అందించు విధము

నేడు మన పల్లెలలో పెక్కు ఇండ్లకు ఫైబరు తీగ ద్వారా ఇంటర్నెట్టు వచ్చుచున్నది. తీగ వేయు పనివారు సాధారణముగా వీధి గుమ్మమునకు దగ్గరగా, తీగ ముగిసిన చోటనే రౌటరు పెట్టెను బిగించి పోవుదురు. వసారాలో ఫోను చక్కగా పనిచేయును. వెనుక గదిలో చదువుకొను బిడ్డకు మాత్రము పాఠము నడుమ ఆగిపోవును. పాకలో నేడో రేపో ఈనబోవు గేదెను రాత్రివేళ కనిపెట్టుటకు అమర్చిన కెమేరాకు అసలే అందదు.

అప్పుడు పలువురు రైతులు నెలసరి రుసుము ఎక్కువ కట్టి వేగము పెంచుకొందురు. వసారాలో బాగుగా వచ్చుచు వెనుక గదిలో రానప్పుడు ఇది పొరపాటు. చెరువులో నీరున్నను పంటకాలువ పూడిపోయినచో చివరి చేను ఎండును. చెరువును ఇంకను నింపిన ఫలమేమి? బాగుచేయవలసినది కాలువను.

తరంగముల స్వభావము

రౌటరు రేడియో తరంగములను నలుదిక్కులకు వెదజల్లును. ఇప్పటి రౌటర్లలో ముఖ్యముగా రెండు రకముల తరంగములు గలవు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగము వేగమున తక్కువ, కాని దూరము పోవును, గోడలను మెరుగుగా దాటును. 5 గిగాహెర్ట్జ్ తరంగము వేగమైనది, కాని ఒకటి రెండు గోడలకే నీరసించును.

అడ్డమేమియు లేకున్నను, దూరము రెట్టింపైనచో తరంగపు బలము నాలుగవ వంతుకు పడిపోవును. అడ్డమున్నచో ఇంకను తగ్గును. పలుచని ఇటుక గోడ కొంత ఆపును. మూరెడు మందపు మట్టి గోడ, రాతి గోడ చాలా ఆపును. వానకు తడిసిన గోడ మరింత ఆపును. ఇనుప బీరువా, రేకుల గోడ, కడ్డీలు దట్టముగా వేసిన స్లాబు తరంగములను వెనుకకు త్రిప్పికొట్టును. నీటి తొట్టి వానిని పీల్చుకొనును.

ముందుగా ఖర్చు లేని పనులు

ఫోను చేతబట్టి రౌటరు వద్దనుండి వెనుక గది వరకు నడువుడు. ఎచ్చట బలము తగ్గుచున్నదో గుర్తుంచుకొనుడు. తరంగపు బలమును అంకెలలో చూపు యాప్‌లు ఉచితముగా దొరకును. అంకెకు ముందు ఋణ గుర్తు ఉండును గనుక, అంకె పెరిగినకొలది బలము తగ్గినదని గ్రహించవలెను. మైనస్ 50 మిక్కిలి మంచిది. మైనస్ 67 వరకు వీడియో పాఠము సాగును. మైనస్ 80 వద్ద ఏ పనియు నమ్మకముగా సాగదు.

తరువాత రౌటరును ఇంటి నడుమకు మార్చి, ఆళెత్తున గోడకు బిగించవలెను. గూటిలోను, బీరువా ప్రక్కను, టీవీ వెనుకను ఉంచరాదు. ఫైబరు తీగలో ఉన్నది గాజు. దానిని స్వయముగా లాగరాదు, మడువరాదు. తీగ వేసినవారినే పిలిపించవలెను. వెనుక గదిలోని పరికరమును 2.4 గిగాహెర్ట్జ్ పేరుకు కలిపి చూడవలెను. చిన్న ఇండ్లలో ఇంతటితోనే పని తీరవచ్చును.

రిపీటరు

పై పనులతో తీరనప్పుడు రిపీటరు కొనవచ్చును. ఇది గోడ ప్లగ్గులో పెట్టు చిన్న పెట్టె. రౌటరు తరంగమును అందుకొని మరల ప్రసరింపజేయును. ఎక్కువమంది దీనిని తరంగము రాని గదిలోనే పెట్టి, పనిచేయలేదని పారవేయుదురు. తనకు అందనిదానిని అది ఇతరులకు ఎట్లు అందించగలదు? ఎండిన కాలువపై ఇంజను బిగించిన నీరు రాదు గదా! రౌటరుకును వెనుక గదికిని నడుమ, బలము మైనస్ 60కును 67కును మధ్య ఉన్నచోట రిపీటరును పెట్టవలెను.

రెండు పెట్టెలకును డబ్ల్యూపీఎస్ అను బొత్తాము ఉన్నచో, మొదట రౌటరుది నొక్కి, రెండు నిమిషములలోపల రిపీటరుది నొక్కినచో అవి కలిసికొనును. చౌక రిపీటరు వినుటకును పలుకుటకును ఒకే తరంగమును వాడును. కావున వేగము సుమారు సగమగును. పాఠమునకు, కెమేరాకు అది సాధారణముగా చాలును. మెష్ అనబడు పెట్టెల జత ఇంతకన్న మేలైనది, ఖరీదైనది. కాని తీగ లేకుండ వాడునప్పుడు దానికిని చోటు విషయములో ఇదే నియమము.

తీగ వేయుట

అన్నిటికన్న నమ్మకమైనది తీగ. రౌటరునుండి వెనుక గదికి లాన్ తీగ వేసి, అచ్చట ఆక్సెస్ పాయింటు అను రెండవ పెట్టెను పెట్టవలెను. గోడ ఎంత మందమైనను తీగకు లెక్కలేదు. 100 మీటర్ల వరకు వేగము తగ్గదు. కేట్ 6 రకము, పూర్తి రాగి తీగ అడిగి కొనవలెను; రాగి పూత పూసిన అల్యూమినియము తీగ తీసికొనరాదు. మోటారు కరెంటు తీగతో కలిపి కట్టరాదు. ఎలుకలు కొరకకుండ గొట్టములో వేయవలెను.

ఇంటినుండి వేరుగానున్న పాకకు ఆరుబయట రాగి తీగ లాగుట ప్రమాదము. సమీపమున పిడుగు పడినచో విద్యుత్తు దానివెంట వచ్చి రెండు కొసల పెట్టెలను కాల్చును. ఆ సమయమున తాకినవారికిని హాని కలుగవచ్చును. ఇట్టిచోట ఫైబరు తీగయే మేలు. గాజు విద్యుత్తును ప్రవహింపనీయదు. అయితే బలమునకు ఇనుప తీగ చేర్చిన రకము గాక, లోహము లేని రకమునే ఎన్నుకొనవలెను. నడుమ చెట్లు, గోడలు లేక సూటిగా కనబడునట్లున్నచో, ఎదురెదురుగా బిగించు వైర్‌లెస్ జతను కూడ వాడవచ్చును.

గమనింపవలసినవి

కరెంటు పోయినప్పుడు రౌటరు, రెండవ పెట్టె రెండును ఆగును. చిన్న యూపీఎస్ కొనుటకు ముందు పెట్టెపై వ్రాసియున్న వోల్టేజి చూచుకొనవలెను. పాకలో పెట్టెను దుమ్ము, తడి, పశువుల కొమ్ములు తగలని ఎత్తున ఉంచవలెను. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డును తప్పక మార్చవలెను. ఉరుములు రాకముందే ప్లగ్గులు ఊడదీయవలెను. ఉరుములు మొదలైన పిమ్మట తీగలను ముట్టరాదు.

చేయవలసిన వరుస

1. బలము కొలుచుట.
2. రౌటరును నడుమకు మార్చుట.
3. 2.4 గిగాహెర్ట్జ్ పేరుతో ప్రయత్నించుట.
4. నడుమ చోట రిపీటరు పెట్టుట.
5. అప్పటికిని చాలనిచో తీగ వేయుట.

ఒక్కొక్క మెట్టు తరువాత మరల ఫోనుతో కొలిచి చూచిన పిమ్మటనే తరువాతి మెట్టుకు డబ్బు వెచ్చించుడు. నెలసరి రుసుము పెంచు ఆలోచన, వెనుక గదికి తరంగము చక్కగా అందిన తరువాతనే చేయుడు.