వార్తల్లో పదం: సీపీటీ

యాకుత్‌పురాలోనైనా దిల్‌సుఖ్‌నగర్‌లోనైనా, అమెరికా చదువు మాటెత్తితే చాలు, ‘మొదటి రోజు నుంచే సీపీటీ’ అనే హామీ చెవిన పడుతుంది. సీపీటీ అంటే కరిక్యులర్ ప్రాక్టికల్ ట్రైనింగ్. ఎఫ్-1 విద్యార్థి వీసాపై చదివేవారు పాఠ్యప్రణాళికలో భాగంగా చేసే పని. సాధారణంగా ఒక విద్యా సంవత్సరం పూర్తికాల చదువు ముగిశాకే దీనికి అర్హత. కోర్సే తక్షణ శిక్షణ కోరితే పీజీ విద్యార్థులకు మినహాయింపు ఉంది. కన్సల్టెన్సీలు అమ్ముకునేది ఆ సందునే.

అనుమతి ఇచ్చేది విశ్వవిద్యాలయ అధికారి. అది విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంపై నమోదు కాకముందు ఒక్క రోజు పనిచేసినా ఉల్లంఘనే. పూర్తికాల సీపీటీ 12 నెలలు నిండితే, అదే స్థాయి చదువుకు ఓపీటీ (చదువుకు సంబంధించిన రంగంలో పనిచేసే మరో అనుమతి) అర్హత పోతుంది. ఈ మాట ముందుగా చెప్పేవారు తక్కువ.

ఇలాంటి సీపీటీ ఆశతో చాలామంది చేరిన, మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం నకిలీదని 2019 జనవరిలో బయటపడింది. తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. నడిపింది అమెరికా ప్రభుత్వ ఏజెంట్లే. చిక్కుకున్నవారిలో మన తెలుగు పిల్లలు ఎందరో. తమ్ముడూ, ఫీజు కట్టేముందు అక్కడ తరగతులు నిజంగా జరుగుతున్నాయో లేదో, చదువుతున్నవారినే అడుగు.