పాత బండి కొనేముందు

పోయిన వేసవిలో మా తమ్ముడు ఒక పాత ట్రాలీ ఆటోకు బేరం కుదుర్చుకొని వచ్చాడు. కూరగాయలు సంతకు తోలుకుంటే ఇల్లు గడుస్తుందని అతని ఆశ. ధర లక్షా నలభై వేలు. అందులో సగం మా మరదలు డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పు. బండికి కొత్తగా రంగు వేశారు, టైర్లు నల్లగా మెరుస్తున్నాయి. "కార్డు ఉందన్నా, ఇంకేం కావాలి?" అన్నాడు. మేమూ అలాగే అనుకొని పదివేలు బయానా ఇచ్చేశాము.

ఆ రాత్రి మా అబ్బాయి సెల్‌ఫోనులో ఎం పరివాహన్ తెరిచి బండి నెంబరు కొట్టాడు. ఫిట్‌నెస్ గడువు దాటి ఏడు నెలలైంది. యజమాని పేరు పూర్తిగా చూపదు, మధ్యలో చుక్కలుంటాయి; అయినా కనబడిన అక్షరాలు అమ్మేవాని పేరుతో కలవలేదు. అప్పుడు కార్డు తీసి చదివితే, ఫైనాన్సు కంపెనీ పేరు చిన్న అక్షరాలతో దాని మీదే ఉంది! కార్డు చేతిలో పెట్టుకొని చదవకపోవడం మా తప్పే.

పాఠకులు ఒక సంగతి గమనించాలి. పసుపు బోర్డు బండికి 8 ఏళ్ళు నిండేవరకు రెండేళ్ళకొకసారి, తరువాత ఏటేటా ఫిట్‌నెస్ చేయించాలి. అది లేని బండిని మోటారు వాహనాల చట్టం 56వ సెక్షను రిజిస్ట్రేషన్ లేనిదానిగానే ఎంచుతుంది. సొంత వాడకపు తెల్ల బోర్డు బండికైతే రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు, ఆపైన ఐదేసి ఏళ్ళు.

ఇంగ్లండులో నర్సుగా పనిచేస్తున్న మా అక్క కూతురికి ఈ సంగతి చెబితే, అక్కడ ఎవరైనా నెంబరు కొట్టి 2005 నుండి ఆ బండికి జరిగిన పరీక్షలన్నీ చూడవచ్చునట. ఏ ఏట ఏది చెడి తప్పిందో, అప్పటికి ఎన్ని మైళ్ళు తిరిగిందో కూడా ఉంటుందట. మనకు గడువు తేది తెలుస్తుంది గానీ బ్రేకుల సంగతి తెలియదు. అందుకు నమ్మకమైన మెకానిక్కును వెంట తీసుకుపోవలసిందే. కూలి ఐదువందలిచ్చినా నష్టం లేదు.

మరునాడు అమ్మేవానిని అడిగితే, తానూ మరొకరి దగ్గర కొని పేరు మార్చుకోలేదని ఒప్పుకున్నాడు. ఇది పల్లెల్లో మామూలే. కానీ ప్రమాదం జరిగితే పరిహారం కేసు కార్డులో పేరున్నవాని మీదికే వస్తుందని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. అంటే అమ్మేసి మరచిపోయిన వాడికీ నిద్ర ఉండదు. అమ్మిన 14 రోజుల్లో అతడు ఆఫీసుకు తెలపాలి. కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్చుకోవాలి. అవే ఫారం 29, ఫారం 30. ఫైనాన్సు తీరితే ఫారం 35తో పాటు కంపెనీవారి నిరభ్యంతర పత్రం కావాలి. ఇన్సూరెన్స్ కూడా కొన్నవాని పేరుకు మారాలి.

మూడుసార్లు తిరిగితే బయానాలో ఆరువేలు వెనక్కి వచ్చాయి. సంక్రాంతికి తమ్ముడు వేరే బండి కొన్నాడు. ఈసారి ఛాసిస్ నెంబరు మీద పలుచని కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, ఆ అచ్చును కార్డుతో అంకె అంకె సరిచూసుకున్నాము. ఆ కాగితం ఇప్పటికీ మా మరదలి ట్రంకుపెట్టెలో, అప్పు పుస్తకం పక్కనే ఉంది.